పడుకున్న బోర్ల ఫోల్డర్

గుమ్మఘట్టలో నా జిరాక్స్ కొట్టుకూ, తిప్పేష్ కూర్చునే ఆఫీసుకూ మధ్య ఒకటే గోడ. కరెంటు వైరు కోసం ఆ గోడకు పైన జానెడు సందు కొట్టారు. దాంట్లోంచి వాడి ఫ్యాను చప్పుడు, వాడి దగ్గు, కంప్యూటర్‌ను వాడు తిట్టే తిట్లు అన్నీ నాకు వినబడతాయి. కాబట్టి వాడి గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. వాడు మంచివాడని చెప్పడానికి మాత్రం ఇది చెప్పడం లేదు. చెడ్డవాళ్ల మీద నాకు కోపం ఎక్కువసేపు నిలవదు. మంచివాళ్లు మొహమాటానికి పోయి చేసే పనులు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

తిప్పేష్‌ది ఇక్కడికి దగ్గర్లోని గుట్టకింద పల్లె. నాయన పేరు గోవిందప్ప. నాలుగు ఎకరాల మెట్ట, అందులో నీళ్లు పోసే బోరు ఒకటి. కొడుకు బెంగళూరులో వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో కొన్నాళ్లు పనిచేసి, ఆ ఊరు ఒంటికి పడక తిరిగొచ్చాడు. అదే సమయానికి మా మండలంలో బోరుబావుల రైతుల సంఘం ఒకటి లేచింది. దాని కార్యదర్శి దివాకర్. భూములున్న ఇంటివాడు, అన్ని పార్టీల వాళ్లతోనూ కూర్చుని టీ తాగగలిగిన మనిషి. ఎవరి పొలంలో ఎంత లోతుకు బోరు వేస్తే నీళ్లు పడ్డాయి, ఎక్కడ పడలేదు అన్నది ఒక వెబ్‌సైట్‌లో పెడితే, తర్వాత వేసేవాడు గుడ్డిగా వేయడు కదా అని సంఘం ఆలోచన. మంచి ఆలోచనే. దాన్ని తిప్పేష్ చేతిలో పెట్టారు. వాడు ఏడాదిపాటు మోటార్ సైకిల్ మీద ఊరూరూ తిరిగి వివరాలన్నీ తెచ్చాడు.

ఆ తిరుగుళ్లలో వాడు పడిన పాట్లు నాకు చెప్పి నవ్వేవాడు. గుట్టకింద పల్లెలోనూ, దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ ఒక పట్టింపు ఉంది. ఎండిపోయిన బోరును ఎండిందని అనరు. 'పడుకున్న బోరు' అంటారు. ఆ మాట కూడా నడుస్తున్న మోటారుకు వినబడేంత దగ్గర్లో అనరు. అంటే నడిచేది కూడా పడుకుంటుందని భయం. అందుకని తిప్పేష్ అడిగితే రైతులు జవాబు చెప్పకుండా వాడి చెయ్యి పట్టుకుని గట్టు దాటించి, రోడ్డు మీదికి తీసుకొచ్చి, చెవిలో చెప్పేవాళ్లట. తిప్పేష్ నవ్వేవాడే గాని వాడూ ఆ నీళ్లు తాగి పెరిగినవాడే. వెబ్‌సైట్‌లో నీళ్ల బోర్లకు ఒక ఫోల్డరు, పడుకున్న బోర్లకు ఇంకో ఫోల్డరు విడిగా పెట్టాడు. ఎందుకురా రెండు అని అడిగితే, ఊరికే, శుభ్రంగా ఉంటుందని అన్నాడు.

తర్వాత వెతుకులాట దగ్గర చిక్కు వచ్చింది. మా దగ్గర సర్వే నంబర్లు ఒట్టి అంకెలు కావు. అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ గీత పడుతుంది, గీత పక్కన అంకె, అంకె పక్కన అక్షరం. రైతు 87/2 అని కొడితే సెర్చి ఇంజను ఆ గీతను ఖాళీ అనుకుని, 87 ఉన్నవీ, 2 ఉన్నవీ మండలం మొత్తం తెచ్చి ముందు పోసేది. పాసు పుస్తకం చేతిలో పట్టుకున్న ముసలాయన ఆ గుట్టను చూసి బిత్తరపోయేవాడు. తిప్పేష్ వారాలపాటు దానితో కుస్తీ పట్టాడు. దాని సెట్టింగుల్లో ఒక వరుస ఉంటుందట, ఏ గుర్తును అక్షరంతో సమానంగా లెక్కపెట్టాలో, దేన్ని వదిలెయ్యాలో చెప్పడానికి. గీతను, అడ్డగీతను, చుక్కను దాంట్లో చేర్చాడు. ఆ రోజు గోడ సందులోంచి నన్ను కేక వేసి పిలిచి చూపించాడు. 87/2 కొడితే 87/2 వచ్చింది. దాని కింద పక్క పొలాలు మాత్రం వచ్చాయి. టీ వాడే తెప్పించాడు.

ఆ వరుస కిందే ఇంకొకటి నాకు చూపించాడు. వెతికేటప్పుడు ఇంజను ఏ ఫోల్డర్లలోకి పోవచ్చో, వేటిలోకి పోకూడదో రాసేది. అప్పటికి అది ఖాళీగా ఉంది.

దాన్ని నింపించింది వాడి నాయనే. ఒకనాడు గోవిందప్ప ఎవరి ఫోన్‌లోనో తన పొలం నంబరు కొట్టించి చూశాడు. నీళ్లు పోసే బోరు పచ్చ చుక్క, దాని కిందనే పడుకున్న బోర్లు ఎర్ర చుక్కలు, అన్నీ ఒకే తెర మీద. పొలంలోనే నోట అనని మాటను కొడుకు ఊరందరి జేబుల్లో పెట్టాడని ఆ పూట ఇంట్లో అన్నం ముట్టలేదు. ఆయన ఒక్కడే కాదు. తర్వాతి రోజుల్లో ఒకరి తర్వాత ఒకరు ఆఫీసుకొచ్చి అదే మాట అన్నారు. దివాకర్‌కు ఈ గోల నచ్చలేదు. ఆయన పొలంలోనూ ఎర్ర చుక్కలున్నాయి మరి, అవి ఉన్న భూమికి కొనేవాడు దొరకడు. రైతులకు ఇష్టం లేనిది మనకెందుకు, కనపడకుండా చేసెయ్ అన్నాడు.

తిప్పేష్ చెరిపెయ్యలేదు. ఆ ఖాళీ వరుసలో పడుకున్న బోర్ల ఫోల్డరు పేరు రాశాడు, అంతే. ఇంజను ఇక ఆ గడప తొక్కదు. రెండు ఫోల్డర్లూ కలిపి ఉంటే ఇంత సుళువుగా అయ్యేది కాదని, మొదటే విడదీసిపెట్టడం మంచిదయిందని కూడా నాతో అన్నాడు. ఇక్కడ నీళ్లు పడిన బోర్లు మాత్రమే కనపడతాయి అని పేజీ కింద ఒక ముక్క రాయాలనుకున్నాడట. అది చూస్తే మళ్లీ అందరూ వస్తారని రాయలేదు.

నల్లమ్మది కూడా వాడి ఊరే. భర్త పోయాక గొర్రెల మందను ఒక్కతే మేపుకుంటూ బతికిన మనిషి. గుట్ట పక్కన 87/2లో ఆమెకు కాస్త పొలం ఉంది. ఊళ్లో వేరుశనగ విత్తే రోజు వస్తే మాత్రం గొర్రెలను ఎవరికో అప్పజెప్పి, ఎద్దులు లాగే గొర్రు వెనక నడిచి విత్తనం వదిలేది. ఆమె చేత విత్తనం పడితే సాలు నిండా మొలుస్తుందని పేరు. గోవిందప్ప పొలంలో ఏటా మొదటి సాలు ఆమెదే. తిప్పేష్ చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని ఆ సాళ్లలో నడిచినవాడు.

ఆ వేసవిలో ఆమె మంద అమ్మి బోరు వేయించుకోవాలని తలపెట్టింది. వయసు మళ్లుతోంది, గుట్టలెక్కి గొర్రెల వెంట ఎన్నాళ్లు తిరుగుతుంది? పాసు పుస్తకం జిరాక్స్ తీయించుకుని, పక్క ఆఫీసులో మన తిప్పేషే ఉన్నాడని మురిసిపోతూ వెళ్లింది. గోడ సందులోంచి అంతా నాకు వినబడింది. వాడు నంబరు కొట్టాడు. చుట్టూ ఏముందో చెప్పాడు. ఇటు నీళ్లు, అటు నీళ్లు, కింద ఇంకొకటి నీళ్లు. ఆమె అన్నీ విని మంచిది నాయనా అంది. నీళ్లు పడనివి ఏమన్నా ఉన్నాయా అని ఆమె అడగలేదు. శుభమా అని బోరు వేయబోతూ ఎవరూ ఆ మాట అడగరు. వాడూ చెప్పలేదు. సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి బల్ల మీద కుప్పగా పోసి వెళ్లింది.

ఆమె గడప దాటుతుండగానే తనకు ఆ ఫోల్డరు గుర్తొచ్చిందని తిప్పేష్ తర్వాత నాతో చెప్పాడు. పిలుద్దామని లేచాడట. ఆమె మొహంలో అంత సంతోషం చూశాక నోరు రాక కూర్చున్నాడట. నల్లమ్మ పొలానికీ ఆ నీళ్ల బోర్లకూ నడుమ భూమి లోపల, నీళ్లను ఇటు రానివ్వని నల్లరాయి కట్ట ఒకటి వంపు తిరిగి పోతుంది. ఎర్ర చుక్కలు కూడా కనపడి ఉంటే కట్టకు అవతల అన్నీ పచ్చగా, ఇవతల అన్నీ ఎర్రగా చిన్నపిల్లలకైనా తెలిసేది. నల్లమ్మ పొలం ఇవతల.

బోరు బండి వచ్చిన రోజు ఆమె తరఫున టెంకాయ కొట్టడానికి ఇంట్లో మగదిక్కు లేదు. ఎవరో ఒకరు కొడతాంలే అన్నా వినక, నా గొర్రెలు నేనే మేపుకున్నా, నా టెంకాయ నేనే కొట్టుకుంటా అని తన చేత్తోనే కొట్టింది. మొగుడు లేనిదానికి ఇది తగునా అని పక్కన గొణిగారు. బండి పొద్దున మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా తెల్లటి దుమ్ము లేచింది. సాయంత్రం దాకా దుమ్మే లేచింది. ఆమె మీద, గట్టున కూర్చున్న వాళ్ల మీద, ఆ పొలం చుట్టూ ఉన్న ముళ్ల కంప మీద సున్నం కొట్టినట్టు పడింది గాని తడి మాత్రం రాలేదు. బండివాడు గొట్టాలు పైకి లాగి, బోరు నోటికి ఒక రాయి మూత పెట్టి వెళ్లిపోయాడు.

మంద పోయింది. నల్లమ్మ వేరేవాళ్ల గొర్రెలకు కూలికి పోసాగింది. అది తిప్పేష్‌ను కోసింది, కాని వాడిని నిలువునా పడగొట్టింది అది కాదు. వానలు పడి విత్తనం రోజు వచ్చింది. ఇంట్లో తల్లి నల్లమ్మకు కబురు పెట్టమంటే, ఆమె చెయ్యి మంచిది కాదు, ఈ ఏడు వద్దు అన్నాడు గోవిందప్ప. తిప్పేష్ పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. ఊళ్లో ఇంకెవరూ కూడా పిలవలేదు. ఒక ఇంటివాళ్లు మాటవరసకు అడిగితే ఆమే తన చేతుల్ని కొంగులో దాచుకుని, వద్దులేమ్మా, మీ విత్తనం పాడు చెయ్యడమెందుకు అందట.

ఆ సంగతి వాడు మరునాడు నా కొట్టులో నిలబడి చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. నాకు జాలి రాలేదు, కోపమొచ్చింది. ఇన్నాళ్లూ ఏం చేశావు, వెళ్లి చెప్పలేదేం అని నిలదీశాను. చెబితే గొర్రెలు తిరిగొస్తాయా అన్నాడు. దివాకర్ ఏమంటాడో, నాయన ఏమంటాడో, ఫోల్డరు మళ్లీ తెరిస్తే జనం ఏమంటారో అని రోజూ ఆ సెట్టింగుల పేజీ తెరిచి, ఆ వరుస చూసి, మూసేస్తున్నాడట. రోజూ గోడ అవతల 87/2 అని కొట్టి చూసుకుంటున్నాడు. ప్రతిసారీ చుట్టూ నీళ్లే కనపడుతున్నాయి. తను ఆమెకు ఏం చూపించాడో అదే తనకూ కనపడుతోంది. ఆమె తన చేతిని తానే తిట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను కదన్నా, నాకంటే పాపిష్టివాడు ఉండడని అన్నాడు. ఆ మాటకు నేను అడ్డు చెప్పలేదు. నిజమే కదా.

ఆ సాయంత్రమే వాడు నల్లమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఎవరివో గొర్రెలను దొడ్డికి తోలుతోంది. ఎర్ర చుక్కల సంగతి, ఆ ఫోల్డరు సంగతి, తను పిలుద్దామని లేచి ఆగిపోయిన సంగతి అన్నీ చెప్పాడు. కాళ్లు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది. గొర్రెలన్నిటినీ దొడ్డిలోకి తోలి తడిక మూసింది.

"నాకెందుకప్పా చెప్తాండావు?" అంది చివరకు. "నా చెయ్యి మంచిది కాదన్నోళ్లు ఉండారు కదా ఊర్లో. పోయి ఆళ్లకు చెప్పు. అందరూ ఉండేటప్పుడు చెప్పు."

వాడు ఆఫీసుకొచ్చి ముందు ఆ వరుస చెరిపేశాడు. దివాకర్‌కు ఫోన్ చేసి చెప్పాడు. మాటొస్తే నీదే, సంఘానికి సంబంధం లేదు అని ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను గోడ ఇవతల నిలబడి, వాడు ఏం కొడుతున్నాడో వినడానికి జిరాక్స్ మెషీన్ ఆపేశాను.

గుట్టకింద పల్లెలో అందరూ ఒకచోట ఉండేది పొద్దున పాలు పోసే చోట. దానికి ఎదురుగా రోడ్డు అవతలే గోవిందప్ప పొలం. ఆయన మోటారు ఆ పూట నడుస్తోంది, చప్పుడు అందరికీ వినబడుతోంది. నేనూ వెళ్లాను. వాడు ఒక్కడే పోతే మధ్యలో తిరిగొచ్చేస్తాడని నా అనుమానం. తిప్పేష్ క్యాన్ల పక్కన నిలబడి, నల్లమ్మ బోరు పడుకోవడానికి ఆమె చెయ్యి కారణం కాదని, తను చూపించాల్సింది చూపించకపోవడం కారణమని చెప్పాడు. ఆ ఫోల్డరు ప్రకారం ఆమెకంటే ముందే ఎవరెవరి పొలాల్లో బోర్లు పడుకున్నాయో పేరు పేరునా పైకి అన్నాడు. దివాకర్ పేరు అన్నాడు. ఇంకా పెద్ద పెద్ద మనుషుల పేర్లు అన్నాడు. అన్నిటికంటే చివర నాయన పేరు అన్నాడు. ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. ఎవరో వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయారు. గోవిందప్ప పాలచెంబు కింద పెట్టి, రోడ్డు దాటి, పరుగులాంటి నడకతో మోటారు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

అంతవరకూ వెనక నిలబడిన నల్లమ్మ ముందుకొచ్చింది.

"ఈళ్లంతా మొగోళ్లే కదా, టెంకాయ కొట్టింది. ఇంతమంది చేతులూ మంచివి కావా?" అని అడిగింది.

పాలు కొలిచేవాడు మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు.

కథ అక్కడితో అయిపోతే తిప్పేష్‌కు బాగుండేది. నాలాంటి వాళ్లం కూడా మంచి పని చేశావురా అని వాడి భుజం తట్టి ఊరుకునేవాళ్లం. కాని మా దగ్గర ఎండలు ఎవరి మాటా వినవు. తర్వాతి వేసవిలో గోవిందప్ప బోరు మొదట గంట పోసింది, తర్వాత దగ్గినట్టు విడిచి విడిచి పోసింది, తర్వాత గాలి వదిలింది. చుట్టుపక్కల చాలా బోర్లు అలాగే తగ్గాయి. అయినా ఊరంతా ఒకటే మాట అనుకుంది. మోటారు నడుస్తుంటే దాని ఎదుట కన్నకొడుకే ఆ మాటలన్నాడు, ఇంకేం మిగులుతుంది అని. గోవిందప్ప కొడుకును ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేటప్పుడు వాడిని పిలవమని చెప్పడం మాత్రం మానేశాడు. తల్లి వాడికి విడిగా పెట్టేది.

నేను తిప్పేష్‌కు చెప్పి చూశాను. ఎండల్లో నీళ్లు తగ్గుతాయిరా, నీ మాటకు భూమి లోపలి నీళ్లు ఎట్లా పోతాయి అన్నాను. తెలుసన్నా అన్నాడు. తెలిసినా రాత్రి పడుకుంటే ఆ మోటారు చప్పుడు వినబడుతుందట. ఆ పొద్దున ఇంకాస్త దూరంగా నిలబడి చెప్పి ఉంటే సరిపోయేదేమో అనిపిస్తుందట. నల్లమ్మ విషయంలో నోరు తెరవనందుకు ఒకటి, నాయన విషయంలో తెరిచినందుకు ఒకటి, రెండూ వాడి నెత్తినే కూర్చున్నాయి. మొదటిది న్యాయంగానే కూర్చుంది. రెండోది ఒట్టిదని నేను అరిచినా వాడు దించుకోలేదు.

నాయన బోరు వివరం నీళ్ల బోర్ల ఫోల్డరులోంచి తీసి రెండోదాంట్లో పెట్టే పని కూడా వాడిదే. చాలా రోజులు వాయిదా వేశాడు. ఒక మధ్యాహ్నం గోడ అవతల మీటల చప్పుడు ఆగి, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడితే వెళ్లి చూశాను. తెర మీద వాళ్ల పొలం నంబరు, గీతతో సహా సరిగ్గా దొరికింది. పచ్చ చుక్క ఎర్రబడి ఉంది.

అప్పుడే నల్లమ్మ ఆధార్ కార్డు జిరాక్స్ కోసం నా కొట్టుకొచ్చి, ఎవరూ లేరని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె మొహం ఎదుట పడినప్పుడల్లా తిప్పేష్ తల దించుకుంటాడు. అప్పుడూ దించుకున్నాడు. ఆమె లోపలికొచ్చి తెర మీద ఎర్ర చుక్కను చూసింది. అది ఎవరిదని అడిగింది. నాయనదని చెప్పాడు.

"పోయినేడంతా నా చెయ్యన్న్యారు," అంది. "ఈ ఏడు నీ నోరంటాండారు. ఎట్లుంటాదో ఇప్పుడు తెలిసెనా?"

"తెలిసె పెద్దమ్మా," అన్నాడు తిప్పేష్.

ఆమె సరేనని తల ఊపింది. నావైపు తిరిగి, రెండు కాపీలు కావాలని కార్డు చేతికిచ్చింది.